నూట ఎనభై మూడో ట్యాబ్

ఈ వ్యవహారం మొదలైన నాటికి నా చేతిలో ఉన్న సరుకు ఇది: కొండ్రుపాలెం బస్టాండు ఎదురుగా పది అడుగుల దుకాణం, మూత సగమే తెరుచుకునే పాత ల్యాప్‌టాప్, కేబుళ్లు మూడు, ఓపిక, ఊళ్లో కాస్త మంచి పేరు. ఇదే దుకాణంలో మా నాన్న గ్రంధి సుబ్బరామయ్య గారు కందిపప్పు, బెల్లం అమ్మారు. నేను ఫోన్లు బాగుచేస్తాను. సరుకు మారింది గానీ సూత్రం మారలేదు. కొన్నవాడికి పనికొస్తే సరుకు, పనికిరాకపోతే బరువు.

మంచి పేరు టీవీ పెట్టెల వల్ల వచ్చింది. నాలుగేళ్ల కిందట చవకరకం పెట్టెలు బజారులోకి వచ్చాయి. టీవీకి తగిలిస్తే నెట్‌లో సినిమాలు చూడొచ్చని ఊరందరూ కొన్నారు. ఆన్ చేస్తే ముందు నాలుగు ప్రకటనలు, తర్వాత ఎవరూ అడగని ఆటలు, ఆ తర్వాత ఏదో దేశపు వాతావరణం, అప్పటికి ఇంట్లోవాళ్లు నిద్రపోకుండా ఉంటే సినిమా. ఆ చెత్త తీసేద్దామంటే పెట్టె ఒప్పుకోదు. డబ్బిచ్చి కొన్నది మనం, తాళంచెవి మాత్రం తయారుచేసినవాడి జేబులో ఉంటుంది. ఆ తాళంచెవిని కొన్నవాడి చేతికి తెచ్చివ్వడాన్నే మా వృత్తిలో రూట్ చేయడం అంటారు. నేను పెట్టెను ల్యాప్‌టాప్‌కు తగిలించి, తాళం తీసి, చెత్త ఊడ్చి, కావలసినవి మాత్రం సర్ది ఇస్తాను. అద్దె ఇంట్లో దిగినవాడు పాత కాపురం వాళ్లు వదిలిపోయిన విరిగిన మంచాలు బయటపెట్టడం లాంటిదే ఇది.

అలా ఉండగా బాలపోషణ మిషన్‌వారు మా చుట్టుపక్కల మండలాలు కలిపిన ప్రాజెక్టు పరిధిలోని నూట ఎనభై మూడు బాలపోషణ కేంద్రాలకు నూట ఎనభై మూడు ట్యాబ్‌లు పంచారు. కేంద్రం టీచరు ప్రతిరోజూ పిల్లల హాజరు, బరువు, ఎన్ని గుడ్లు పెట్టిందీ అందులో ఎక్కించాలి. పదకొండు గంటల్లోగా లెక్క పైకి పోతే మరుసటి వారం గుడ్లు వస్తాయి. పోకపోతే రావు. పంపిణీ సభలో టీచర్లందరి చేతా ఒక హామీపత్రం మీద సంతకాలు కూడా పెట్టించారు. అందులో ఇలా ఉంది: “ఈ పరికరమును నేను గానీ, నా కుటుంబ సభ్యులు గానీ, నా తరఫున ఇతరులు గానీ ఎట్టి పరిస్థితుల యందునూ రూట్ చేయము, చేయించము, చేయువారిని ప్రోత్సహించము.”

ఆ ట్యాబ్ మొదటిసారి నా బల్ల మీదికి వచ్చినప్పుడు తూకం వేసి చూశాను. లోపల ఎనిమిది పాళ్ల చోటు. ఆరున్నర పాళ్లు ముందే నిండి ఉంది: కమిషనర్ గారి స్వాగత ప్రసంగం, మిషన్ గీతం, మిషన్ క్యాలెండరు, కంపెనీవాళ్ల అంగడి, రెండు కారు పందేలు. టీచరు పనికి మిగిలింది ఒకటిన్నర పాళ్లు. ఆన్ చేయగానే కమిషనర్ గారి ప్రసంగం వస్తుంది, ఏడు నిమిషాలు. దాన్ని దాటవేయడానికి బొత్తాం లేదు. ప్రసంగం అయ్యాక గీతం. గీతం అయ్యాక ట్యాబ్ అలసిపోయి, ఒక్కోసారి ఆగిపోయి, మళ్లీ ప్రసంగంతో మొదలుపెట్టేది. పొయ్యి మీద ఎసరు పెట్టి ట్యాబ్ నొక్కితే, అన్నం ఉడికి, పిల్లలు తిని, పళ్లేలు కడిగి బోర్లించేసరికి మొదటి పేరు రాసే గడి కనబడేది.

రెండో వారంలో ఒక టీచరు దుకాణానికి వచ్చింది. అటూ ఇటూ చూసి, కొంగు చాటు నుంచి ట్యాబ్ తీసింది.

“దీనికి అద్దం మీద అంటించే కాగితం వెయ్యాలండీ” అంది.

“వేసే ఉంది గదమ్మా.”

“లోపలి వైపు వెయ్యాలి” అంది, నా కళ్లలోకి సూటిగా చూస్తూ.

నాకు అర్థమైంది. వేశాను. మర్నాటి నుంచి ఆమె ట్యాబ్ నొక్కగానే పేర్ల పట్టిక వచ్చేది. ఆ వారం ముగ్గురు వచ్చారు, పై వారం పదకొండు మంది. తర్వాత సూపర్‌వైజరు యోహాను గారే ఇరవై ట్యాబ్‌లు గోనెసంచిలో వేసుకుని మోటారు సైకిలు మీద తెచ్చాడు.

“శెట్టిగారూ, నేను రాలేదు. మీరు నన్ను చూళ్లేదు” అన్నాడు.

“మరి ఈ సంచి?”

“సంచి దారిలో దొరికింది. మీకు అప్పజెప్పా. రేపు పదింటికి మళ్లీ దారిలో దొరకాల.”

రెండు నెలలకు నూట ఎనభై రెండు అయ్యాయి. మిగిలింది ఒకటి. అది దిబ్బలపాలెం కేంద్రం టీచరు గాదె వజ్రమ్మది.

వజ్రమ్మకు యాభై దాటాయి. ఆమె కేంద్రంలో ముప్పై ఆరుగురు పిల్లలు. ఆమె తెల్లవారుజామున ఐదింటికే ఇంట్లో ట్యాబ్ నొక్కి, అది ప్రసంగిస్తూ ఉండగానే గిన్నెల బుట్టలో పెట్టుకుని కేంద్రానికి నడిచేది. దారిపొడుగునా బుట్టలోంచి కమిషనర్ గారు మాట్లాడుతూ ఉండేవారు. కేంద్రంలో అది రెండుమూడుసార్లు ఆగి మళ్లీ మొదలయ్యేది. రోజుకు రెండున్నర గంటలు దాని ముందు కూర్చుని, పదకొండుకు ఐదు నిమిషాల ముందు ఎలాగో లెక్క పంపేది. చార్జర్ కొనడానికి వచ్చినప్పుడు నేనే అడిగాను.

“పది నిమిషాల పనమ్మా. అందరూ చేయించుకున్నారు. నువ్వు కళ్లు మూసుకుని కూర్చో, తెరిచేసరికి అయిపోద్ది.”

“నేను కళ్లు మూసుకుంటే కాయితం మీద పెట్టిన సంతకం మాసిపోద్దా శెట్టిగారూ?”

“ఆ సంతకం ఎవరు చూస్తారమ్మా?”

“చూసేవాళ్లుంటేనే నిలబడేదాన్ని సంతకమంటారా?” అంది. “పొద్దస్తమానం పిల్లకాయలకి అబద్ధమాడొద్దని చెప్తా. ఆ చేత్తోనే ఇది మీ బల్ల మీద పెట్టమంటారా? చార్జరియ్యండి, ఆటో పోద్ది.”

ఇచ్చాను. వ్యాపారంలో కొనని ఖాతాదారుడి మీద కోపం పనికిరాదు.

మూడో నెల చివర మా ప్రాజెక్టు జిల్లాలో మొదటి స్థానంలో నిలిచింది. మిగిలిన ప్రాజెక్టుల్లో టీచర్లు ట్యాబ్ తెరవడానికే తంటాలు పడుతుంటే, మా టీచర్లు పదింటికల్లా లెక్కలు పంపి కూర్చునేవారు. ప్రాజెక్టు అధికారిణి త్రిపురాంబ గారికి శాలువా కప్పారు. ఆవిడ సభలో, “ఈ విజయము క్షేత్రస్థాయి సిబ్బంది అంకితభావమునకును, పరికరముల నాణ్యతకును నిదర్శనము” అన్నారు. నాణ్యత అన్నప్పుడు యోహాను గారు, తనే పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టిన నన్ను చూసి దగ్గాడు.

కథ అక్కడితో ఆగితే అందరికీ లాభమే. కానీ కమిషనరేట్‌లో అన్నిటికీ ఒక నివేదిక ఉంటుంది. ఏ ట్యాబ్ ప్రసంగాన్ని ఎన్నిసార్లు వినిపించిందో లెక్కగట్టే నివేదిక కూడా ఒకటి ఉందని మాకు తెలియదు. అది జిల్లాకు వచ్చింది. మా ప్రాజెక్టు వరుసలో ఇలా ఉంది: “మంజూరైన పరికరములు: 183. స్వాగత సందేశమును వీక్షించినవారు: ఒకరు.” ఆ ఒకరెవరో రాసే గడి అందులో లేదు.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. యోహాను గారు దాన్ని నా బల్ల మీద పరిచాడు.

“విషయము: ట్యాబ్ పరికరముల మౌలిక స్వచ్ఛత పరిరక్షణ గురించి. కొన్ని పరికరములు రూట్ చేయబడినట్లు కమిషనరేట్ దృష్టికి వచ్చినది. కావున ప్రతి పరికరమునందు ‘నిజరూపం’ అను ధ్రువీకరణ యాప్‌ను తక్షణమే స్థాపించి, సదరు పరికరము రూట్ చేయబడలేదను ధ్రువపత్రమును పొందవలెను. ధ్రువపత్రము సమర్పించని పరికరములు రూట్ చేయబడినవిగా పరిగణించబడును.”

“ఇప్పుడెట్టా శెట్టిగారూ?” అన్నాడు యోహాను గారు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

నేను ముందు యాప్‌ను తూచాను. అది రెండు పాళ్ల చోటు అడుగుతోంది. కంపెనీ ఇచ్చినట్టే ఉన్న ట్యాబ్‌లో మిగిలి ఉన్నది ఒకటిన్నర. అందులో పిల్లల లెక్కల యాప్ ఒక పాలు తినేస్తే మిగిలేది అర. అరసోలలో రెండు సోలల బియ్యం పోయాలంటే సోల కొలిచేవాడికైనా తెలుసు, పట్టవని. ఆరున్నర పాళ్ల చెత్తలో కొంత తీస్తే పడతాయి. చెత్త తీయాలంటే తాళం తీయాలి. తాళం తీయడమంటే రూట్ చేయడం.

“యోహాను గారూ, రూట్ చేయలేదని రుజువు చేసే ఈ యాప్, రూట్ చేసిన ట్యాబ్‌లోనే పడుతుంది” అన్నాను.

ఆయన చెమట తుడుచుకున్నాడు. “అంటే మనోళ్లంతా పాసా?”

“తాళం తీసిన సంగతి యాప్‌కు కనబడకుండా అడ్డంగా ఒక తెర కట్టాలి. కడతాను. పాసే.”

“మరి చేయించుకోనోళ్లు?”

మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. చేయించుకోనోళ్లు కాదు, చేయించుకోనామె.

వారంలో నూట ఎనభై రెండు ధ్రువపత్రాలు తయారయ్యాయి. ఒక్కో తెర మీద ఆకుపచ్చ చక్రం తిరిగి, “ఈ పరికరము స్వచ్ఛమైనది” అని వచ్చింది. ఇంత వేగంగా ఏ ప్రాజెక్టూ చేయలేదని జిల్లావారు ఆరా తీసి, నా దుకాణానికి “మౌలిక స్వచ్ఛతా సహాయక కేంద్రం” అని బోర్డు పంపారు. ఇప్పుడు పక్క ప్రాజెక్టుల టీచర్లు కూడా, తమ ట్యాబ్‌లు రూట్ కాలేదని రుజువు చేసుకోవడానికి, రూట్ చేయించుకోవడం కోసం, ప్రభుత్వ ఖర్చుతో నా దగ్గరకు రావడం మొదలుపెట్టారు. ప్రయాణ భత్యం కూడా ఇచ్చారు.

వజ్రమ్మ ట్యాబ్‌లో యాప్ పట్టలేదు. త్రిపురాంబ గారి నివేదికలో రెండే గడులు: ధ్రువీకరించబడినవి, ధ్రువీకరించబడనివి. చోటు చాలనివి అనే గడి లేదు. లేని గడిలో రాయడం ఎవరి తరమూ కాదు. కనుక రెండో గడిలో ఒకటి అని పడింది. మూడో రోజు వజ్రమ్మకు నోటీసు అందింది: “సదరు పరికరమును మీరు రూట్ చేసినందువలననే అందు నిజరూపం స్థిరపడుట లేదని ఏల భావించరాదో, మిమ్ములను విధుల నుండి ఏల తొలగించరాదో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను.” కింద ఇంకో వాక్యం ఉంది: “ధ్రువీకరించబడని పరికరము ద్వారా నమోదైన పిల్లలను పిల్లలుగా పరిగణించుటకు వీలులేదు.” పిల్లలు కాని వారికి గుడ్లు రావు. గుడ్ల బండి దిబ్బలపాలెం దాటి వెళ్లిపోవడం మొదలైంది.

ఆమె నోటీసు పట్టుకుని దుకాణానికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“రూట్ చేశానంటండీ” అంది. “నేను! చేసినోళ్లంతా చెయ్యలేదంట.”

నేను నా లెక్క నేను చూసుకున్నాను. నూట ఎనభై రెండు మందికి మేలు చేశాను, ఒకరికి నష్టం వచ్చింది. ఏ వ్యాపారికైనా అది గొప్ప లెక్కే. అయితే ఆ ఒకరు నా బల్ల ముందు నిలబడి ఉన్నారు. నేను మిగిలినవాళ్లను దొంగ దారిన దాటించకపోతే, ఈమె ఒక్కతే దొంగలా మిగిలేది కాదు.

“ఇప్పుడైనా ఇటివ్వమ్మా. పది నిమిషాలు. ధ్రువపత్రం వస్తుంది, ఉద్యోగం ఉంటుంది, సోమవారం గుడ్లు వస్తాయి.”

ఆమె ట్యాబ్‌ను బల్ల మీద పెట్టింది. నేను కేబుల్ అందుకునేలోగా మళ్లీ తీసుకుంది.

“వద్దులెండి. చెయ్యకముందు చేశానన్నారు, అది వాళ్ల అబద్ధం. చేశాక చెయ్యలేదనాల, అది నా అబద్ధమైపోద్ది. వాళ్లది నాకెందుకు?” అంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. “పిల్లకాయలు పళ్లెంలో గుడ్డు కోసం అన్నం కెలుకుతున్నారండీ. అడుగున ఉందేమోనని.”

గురువారం విచారణ. జిల్లా నుంచి జాయింట్ డైరెక్టర్ గారు, ఒక సాంకేతిక సలహాదారు వచ్చారు. కమిషనర్ గారు రాజధాని నుంచి ప్రాజెక్టు ఆఫీసు టీవీలో కనబడి స్వయంగా వింటారని కబురు. వజ్రమ్మ ఐదుగురు పిల్లలను వెంటబెట్టుకొచ్చింది. వాళ్ల తల్లులు మిరపకోతలకు వెళ్లారు, ఎక్కడ వదలాలో తెలియలేదట. నన్ను స్వచ్ఛతా సహాయక కేంద్రం హోదాలో పిలిచారు. గోడ పక్కన కుర్చీ ఇచ్చారు.

ఆఫీసు టీవీకి కూడా మిషన్‌వారు ఇచ్చిన పెట్టే ఉంది. నొక్కగానే అందులో కమిషనర్ గారి స్వాగత ప్రసంగం మొదలైంది. అది రికార్డు చేసిందో, నిజంగా వారే వచ్చారో త్రిపురాంబ గారికి తేలక లేచి నిలబడ్డారు. ఆవిడను చూసి జాయింట్ డైరెక్టర్ గారు లేచారు. వారు లేచాక కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. ఆరో నిమిషంలో పెట్టె ఆగి, మళ్లీ మొదటికి వచ్చింది. అప్పటికి అది రికార్డేనని అందరికీ తెలిసింది గానీ, కమిషనర్ గారు మాట్లాడుతుండగా ముందు కూర్చునేది ఎవరన్నది తేలలేదు. మూడోసారి మొదలయ్యేసరికి జాయింట్ డైరెక్టర్ గారు బల్ల అంచు పట్టుకుని, పెదవులు కదపకుండా నాతో అన్నారు:

“దీనికి ఏమైనా పరిష్కారము కలదా?”

“ఉందండి. కానీ నిబంధనల ప్రకారం ఆ పెట్టెను...”

“నిబంధనలకు లోబడి, సత్వరము.”

ల్యాప్‌టాప్ పట్టుకుని టీవీ వెనక్కి వెళ్లాను. టీ వచ్చి, తాగి, గ్లాసులు తీసుకెళ్లేలోగా పని అయిపోయింది. పెట్టె నొక్కగానే కమిషనర్ గారు, ఈసారి నిజంగానే, తెర మీదికి వచ్చారు.

“ఏం చేశారు?” అన్నారు జాయింట్ డైరెక్టర్ గారు, గొంతు తగ్గించి.

“దుమ్ము దులిపానండి.”

“దుమ్ము అనియే రికార్డు చేయండి” అని త్రిపురాంబ గారితో అన్నారు.

విచారణ మొదలైంది. జాయింట్ డైరెక్టర్ గారు అభియోగం చదివి వజ్రమ్మ వైపు తిరిగారు.

“పరికరమును రూట్ చేసినవారు స్వాగత సందేశమును తొలగించెదరు. మీరు సదరు సందేశమును వీక్షించుచున్నట్లు ఏమి ఆధారము?”

“ట్యాబ్‌లో వినిపించమంటారా, నోటితో చెప్పమంటారా?” అంది వజ్రమ్మ.

“చెప్పండి.”

ఆమె కొంగు సర్దుకుని నిలబడి మొదలుపెట్టింది. “ప్రియమైన పోషణ సైనికులారా! పోషణయే ప్రగతి, ప్రగతియే పోషణ...” మొదటి నిమిషం, రెండో నిమిషం, దగ్గు వచ్చే చోట దగ్గు, నీళ్లు తాగే చోట విరామం, ఏదీ తప్పలేదు. మూడో నిమిషంలో పిల్లలు అందుకున్నారు. వాళ్లకు అది ఆట పాట. ఐదుగురూ చేతులు పైకెత్తి, “గుడ్డు అనగా కేవలము గుడ్డు కాదు! పెంకు లోపలి సూర్యోదయము!” అని అరిచారు.

తెర మీద కమిషనర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తన ప్రసంగాన్ని ఎవరైనా విన్నారని ఆయనకు అదే మొదటిసారి తెలియడం అనుకుంటాను.

అన్నిట్లోకీ చిన్న పిల్ల, నాలుగేళ్లుంటాయేమో, టీవీ దగ్గరికి వెళ్లి అడిగింది: “సెప్పేసినాం గదా. ఇప్పుడు గుడ్డు పెడతావా?”

కమిషనర్ గారు కళ్లజోడు పెట్టుకుని, “ఇంతటి శ్రద్ధ చూపిన ఉద్యోగినిపై ఈ అభియోగమేమిటి? పరికరమును పరీక్షించండి” అన్నారు.

సాంకేతిక సలహాదారు వజ్రమ్మ ట్యాబ్‌ను తన యంత్రానికి తగిలించి చాలాసేపు చూశాడు. “సార్, ఇది స్పర్శించబడలేదు. ఉత్పత్తిదారుని వద్ద నుండి ఎట్లు వచ్చినదో అట్లే ఉన్నది.”

“మరి మిగిలినవి?” అన్నారు కమిషనర్ గారు.

యోహాను గారు వెంట తెచ్చిన పక్క కేంద్రం ట్యాబ్ ఇచ్చాడు. అది నొక్కగానే తెరుచుకుంది. సలహాదారు ముఖం మారింది. ఇంకొకటి అడిగాడు. అదీ తెరుచుకుంది.

“సార్... ఇవి దానివలె లేవు.”

“భేదమేమి?”

“అది పనిచేయుట లేదు. ఇవి పనిచేయుచున్నవి.”

త్రిపురాంబ గారు శాలువా లేని భుజాలను కొంగుతో కప్పుకున్నారు. యోహాను గారు నావైపు చూడకుండా ఉండటానికి సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. నూట ఎనభై రెండు స్వచ్ఛమైనవని జాయింట్ డైరెక్టర్ గారి సంతకంతోనే నివేదిక పైకి పోయింది. వజ్రమ్మ నిజమైతే ఆ సంతకం అబద్ధం. సంతకం నిజమైతే వజ్రమ్మ ఉద్యోగం పోవాలి. జాయింట్ డైరెక్టర్ గారు తన సంతకాన్నీ వజ్రమ్మనూ మనసులోనే తూచడం నాకు కనబడింది. తక్కెడ ఎటు మొగ్గుతుందో తెలిసే ఉంది. నేను లేచాను.

“అయ్యా, తూనికల సంగతి ఒకటి మనవి చేస్తాను. మా నాన్నగారి రోజుల్లో ఏటా అధికారులు వచ్చి మా దుకాణంలో రాళ్లకు ముద్ర వేసేవారు. వారి దగ్గర మఖమలు పెట్టెలో ఇత్తడి కిలో ఉండేది. దాన్ని వట్టి చేత్తో ముట్టుకునేవారు కాదు. దాంతో ఏనాడూ పప్పు తూచలేదు, తూస్తే అరుగుతుందని. మా కిలో పప్పును తూస్తుంది, వారి కిలో మా కిలోను తూస్తుంది. రెంటికీ రవ్వంత తేడా ఉండేది. అది అనుమతి ఉన్న తేడా. దానికి ఎవర్నీ శిక్షించరు.”

“దీనికిని, ఆ పప్పునకును సంబంధమేమి?” అన్నారు జాయింట్ డైరెక్టర్ గారు.

“మిషన్‌కు ఇంతకాలం ఇత్తడి కిలో లేదండి. నూట ఎనభై రెండిటిని దేనితో సరిచూశారని రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఏమీ లేదు. మా ప్రాజెక్టు మొత్తం మీద చేయిపడనిది ఈ ఒక్కటే మిగిలింది. ఇది కూడా రోజూ వాడితే ఎన్నాళ్లుంటుంది?”

జాయింట్ డైరెక్టర్ గారి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. ఆఫీసులో ఎవరికైనా దారి చూపించనక్కర్లేదు, దారికి పేరు పెట్టే అవకాశం ఇస్తే చాలు.

“అనగా ఇది ప్రామాణిక మూలప్రతి” అన్నారు, తెర వైపు తిరిగి. “మిగిలినవి వినియోగ ప్రతులు. రెంటి మధ్య కనబడుచున్నది అనుమతించదగిన వ్యత్యాసము.”

కమిషనర్ గారు కాస్త అనుమానపడ్డారు. “పనిచేయుట అనునది అనుమతించదగిన వ్యత్యాసమేనా?”

“పరిమితికి లోబడి, సార్.”

“అయిన యెడల మూలప్రతిని భద్రపరచండి. నా సందేశము చెడకుండా.”

సలహాదారు చేతులకు తొడుగులు వేసుకుని ట్యాబ్ అందుకోబోయాడు. వజ్రమ్మ వదల్లేదు.

“ఇది మీరు తీసుకుపోతే నా పిల్లకాయల లెక్క యాడ రాయాల?”

“వేరొక పరికరము మంజూరు చేయబడును.”

“అది పనిచేసేదా, చెయ్యందా?” అంది. “పనిచేసేదైతే నాకొద్దు, నేను సంతకం పెట్టా. పనిచెయ్యందైతే దాన్ని కూడా మీరు పెట్టెలో పెట్టుకోవాల్సొస్తది.”

జిల్లాలో మూలప్రతులు రెండు ఉండటానికి వీల్లేదు, ఏది అసలుదన్న వివాదం వస్తుంది. జాయింట్ డైరెక్టర్ గారు రెండు వేళ్లు నుదుటికి ఆనించి త్రిపురాంబ గారికి చెప్పి రాయించారు: “మూలప్రతిని సమర్పించిన కేంద్రమునకు, పరికరమునకు బదులుగా, విద్యుత్తు అవసరములేని, అంతరాయరహితమైన నమోదు సాధనమును అనుమతించడమైనది.”

“అంటే?” అంది వజ్రమ్మ.

“పుస్తకమమ్మా” అన్నాను. “గీతల పుస్తకం.”

“అయితే పెన్ను కూడా రాయించండి. మళ్లీ దానికో కాయితం తిరక్కుండా.”

పెన్ను కూడా రాశారు. నోటీసు ఉపసంహరించారు. పుస్తకంలో రాసింది యోహాను గారు పక్క కేంద్రం ట్యాబ్‌లో ఎక్కిస్తాడు కాబట్టి, ముప్పై ఆరుగురు పిల్లలు మళ్లీ పిల్లలయ్యారు. సోమవారం గుడ్ల బండి దిబ్బలపాలెంలో ఆగింది. ట్యాబ్ ఇప్పుడు జిల్లా ఆఫీసులో అద్దాల పెట్టెలో, ఎర్ర మఖమలు మీద ఉంది. దాన్ని ఎవరూ నొక్కకూడదని పక్కనే బోర్డు పెట్టారు. ఆ సంగతి పాకిన వారానికి పదిహేను మంది టీచర్లు నా దుకాణానికి వచ్చారు.

“మాది కూడా మూలప్రతి చేసిపెట్టండి శెట్టిగారూ. మాకూ పుస్తకం ఇస్తారు” అన్నారు.

కుదరదని చెప్పాను. తాళంచెవి తెచ్చివ్వడం నాకు తెలిసిన పని. మళ్లీ లాక్కుని కంపెనీకి అప్పగించే పని నేర్చుకోలేదు, నేర్చుకోను.

ఇక చివరి లెక్క. గుడ్లు రాని రోజులు పంతొమ్మిది. ముప్పై ఆరుగురికి రోజుకొకటి చొప్పున ఆరువందల ఎనభై నాలుగు గుడ్లు. అవి ఇప్పించమని రాస్తే, “సదరు కాలమునందు సదరు కేంద్రమున పిల్లలు లేరు” అని జవాబొచ్చింది. అది రాని బాకీ, కొట్టేశాం. నాకు మిగిలింది బోర్డు ఒకటి, ఎండకు రంగు వెలుస్తోంది. త్రిపురాంబ గారికి రెండో శాలువా వచ్చింది. వజ్రమ్మకు పుస్తకంలో లెక్క రాయడానికి పావుగంట పడుతోంది. ట్యాబ్ ముందు రెండున్నర గంటలు కూర్చునేది కాబట్టి, రోజుకు రెండుంపావు గంటలు మిగులు. ఈ మొత్తం వ్యవహారంలో ఖర్చులన్నీ పోను తేలిన నికర లాభం అదొక్కటే. ఆ రెండుంపావు గంటలూ ఆమె పిల్లలకు అక్షరాలు దిద్దిస్తోంది. ఆ పనికి ఇంకా యాప్ రాలేదు.